నాయన వైడ్ లెన్స్ కోసం చిత్తూరు దాకా

తిరుపతి రైల్వే స్టేషను వెనక సందులో నాయన ఫోటో స్టూడియో ఉంది. కొండ మీద గుండ్లు కొట్టించుకుని దిగిన కుటుంబాలు గోపురం గీసిన తెర ముందు ఫోటో దిగడానికి ఒకప్పుడు వరస కట్టేవి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఈ నెలాఖరుకి గది ఓనరుకి అప్పజెప్పాలి. ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషికి సొంత స్టూడియోలో ఒక్క ఫోటో కూడా లేదు. ఖాళీ చేసేలోపు ఆ తెర ముందు, ఆయన రష్యా కెమెరాతోనే ఆయన్ని తీయాలని నాకు పట్టుకుంది. అది రేంజ్‌ఫైండర్ కెమెరా, అంటే కిటికీలో కనబడే రెండు బొమ్మలు ఒకటయ్యేదాకా రింగు తిప్పితే ఫోకస్ కుదిరే రకం. చిక్కేమిటంటే గది అగ్గిపెట్టెంత. ఉన్న లెన్స్‌తో నేను తలుపుకు వీపు ఆనించినా నాయన పడతాడు, గోపురం పడదు. పదిమందిని పట్టించే వైడ్ లెన్స్ ఆయన దగ్గరుండేది. గిరాకీ తగ్గిన రోజుల్లో దాన్ని చిత్తూరులో పెళ్ళిఫోటోలు తీసే తన స్నేహితుడు మస్తాన్ మామకు అమ్మేశాడు. అలాంటివి ఆన్‌లైన్‌లో దొరక్కపోవు. నాకు ఆ లెన్సే కావాలి.

ఆదివారం ఏడింటికి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రెండు గంటల దారి. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు మాత్రం మర్చిపోకండి. మగవాళ్ళకు నూరు పైచిలుకు అవుతుంది. చంద్రగిరి దాటాక నా మెడలో కెమెరా చూసి కండక్టరు ఆగాడు.

"అది పనిచేస్తాదామ్మా?"

"చేస్తాది. రీలు దొరికేదే కష్టం."

"మా పెండ్లికి గూడా రీలే. సగం ఫోటోల్లో నేను కండ్లు మూసుకునే ఉండాను. మా ఇంటామె ఇప్పటికీ ఎత్తిపొడుస్తాది."

చిత్తూరులో దిగి, బస్టాండు ఎదురుగా కారం దోశె తిని, అరవై రూపాయల ఆటోలో బజారు వీధికి పోయాను. చెప్పుల అంగడి మీద మిద్దెలో మస్తాన్ మామ ఇల్లు. టీ తాగేదాకా కుశల ప్రశ్నలే, లెన్స్ మాట లేదు. చివరికి ఆయనే లేచి ఒక వక్కాకు పెట్టె తెచ్చాడు. లోపల దూది, దూదిలో లెన్స్. దాని వెనక అద్దం కోడిగుడ్డులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, బల్ల మీద బోర్లా పెడితే గీతలే. ఇన్నేళ్ళయినా ఒక్క గీత లేదు.

"ఇది అమ్మేదానికి కాదు పాపా. మీ నాయన వచ్చి అడిగితే ఇద్దామని పెట్టినా. ఆ మనిషి ఒక్కసారన్నా నోరు తెరవలే."

"ఆయన అడగడు మామా. గది ఖాళీ చేస్తా ఉండాము. ఆ తెర ముందర ఆయన్ని ఒక ఫోటో తీయాల."

మామ లెన్స్‌ను మళ్ళీ దూదిలో చుట్టాడు. "అయితే ఒక మాట. దీన్ని ఆయన చేతికియ్యొద్దు. ఇచ్చినావంటే 'నువ్వు పోయి నిలబడు' అని నిన్నే తీస్తాడు. నేను సూడని మనిషా." ఈ లెన్స్‌లో ఎంత మేర పడుతుందో చూసుకునేందుకు కెమెరా నెత్తిన తగిలించే చిన్న అద్దం కూడా పెట్టెలో పెట్టి, అప్పుడు నాయనకిచ్చిన ధరే, ఐదువేలే తీసుకున్నాడు.

మూడింటికల్లా స్టూడియోలో ఉన్నాను. ఫ్రేములు మూట కడుతున్న నాయన లెన్స్ చూడగానే చెయ్యి చాపాడు.

"ఇట్లా తే."

"ఇయ్యను నాయనా. మస్తాన్ మామ ఇయ్యొద్దన్నాడు."

"వాడొకడు," అని నవ్వి, పంతానికి పోకుండా పోయి స్టూలు మీద కూర్చున్నాడు. వేలమందికి గెడ్డం పైకెత్తమని చెప్పిన మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను అలవాటుగా తలుపు దాకా వెనక్కి పోయాను.

"ఎనక్కెందుకు పోతావు? అది వైడ్. దగ్గరికి రా."

దగ్గరికి వచ్చి ఫోకస్ కోసం కెమెరా కిటికీలో చూశాను. ఇద్దరు నాయనలు. ఎంత తిప్పినా ఒకటి కావడం లేదు. పాత కెమెరా, చెడిపోయిందేమో అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళని తర్వాత తెలిసింది.

"ఫోకస్ కుదరలే నాయనా."

"రింగు రెండు మీటర్ల అంకెకు పెట్టి నొక్కు. కండ్లు మల్లా తుడుసుకుందువు."

నొక్కాను.

రీలు కడగడానికి చెన్నైకి పంపాను, ఫోటో ఎలా వచ్చిందో ఇంకా తెలియదు. గది తాళం మాత్రం ఇచ్చేశాం. ఆ సందులో పోతే ఇప్పటికీ కాలు అటే తిరుగుతుంది, ఏం చేయను. మీరూ ఇలాంటి లెన్స్ కోసం బయల్దేరితే ఒక్క సూచన. లెన్స్ మీద దూరం అంకెలు చెరగకుండా ఉన్నాయో లేదో చూసి కొనండి. ఎదురుగా మన మనిషి కూర్చున్నప్పుడు కళ్ళను నమ్ముకోలేం, ఆ అంకెలే దిక్కు.