నంబరు లేని కార్డు

కార్డు చేతిలో పెట్టాక మూడు లెక్కపెట్టేలోపు ఆ మనిషి ఎవరో, ఏం పని చేస్తాడో, ఎలా పిలవాలో తెలిసిపోవాలి. తెలియకపోతే అది కార్డు కాదు, పళ్ళు కుట్టుకోవడానికి పనికొచ్చే అట్టముక్క. ఇరవై రెండేళ్ళుగా ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చుని వచ్చినవాళ్ళందరికీ నేను చెబుతున్న మాట ఇదే. వినేవాళ్ళు తక్కువ. పశువుల డాక్టరుకి తన డిగ్రీలన్నీ పట్టాలి. గోడలకు రంగులేసే మేస్త్రికి డబ్బాలో ఉన్న రంగులన్నీ కార్డు మీదా కావాలి. ఎవరెన్ని పేచీలు పెట్టినా ఫోన్ నంబరు దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: "అది కాస్త పెద్దది చెయ్యన్నా."

నంబరే వద్దన్న మనిషి ఒక్కతే. మా అక్క. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు గానీ, ఆ సామెత అక్క మీద విసిరే హక్కు నాకు లేదు. ఆమెకు ఆ భయం పట్టింది నా మూలంగానే.

అక్క ఇరవై ఏళ్ళు ఒక ఫోటో స్టూడియో వెనకగదిలో పనిచేసింది. ముందుగదిలో యజమాని ఫోటో తీస్తే, వెనకగదిలో అక్క మొటిమలు తుడిచేది, మూసుకున్న కళ్ళు తెరిపించేది, మాటలు లేని అన్నదమ్ములను ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "ఇన్ని మొహాలు అంత దగ్గర్నుంచి చూశాక ఒక్కటీ నచ్చలేదురా" అనేది. అప్పట్లో ఆమె పిరికిది కాదు. ఇంట్లోకి కుక్క దూరితే నేను మంచమెక్కేవాణ్ణి, అక్క చీపురు తీసేది.

తొమ్మిదేళ్ళ క్రితం, అక్కకు నాలుగు పనులు ఎక్కువ వస్తాయని నేనొక ప్రకటన చీటీ అచ్చువేశాను. 'పాత ఫోటోలు ఇంటి వద్దే బాగుచేస్తాను' అని, కింద ఆమె పేరు, నంబరు. నా మూడు లెక్కల సూత్రం తు.చ. తప్పకుండా పాటించాను. బస్టాపులోనూ కూరగాయల దుకాణం గోడ మీదా నా చేత్తో నేనే అతికించాను.

మొదటి వారం వచ్చిన ఫోన్లలో ఫోటోల గురించి అడిగినవి రెండు. మిగతావన్నీ మగగొంతులే. పేరు చదివి చేసినవాళ్ళు, ఊరికే నవ్వి పెట్టేసేవాళ్ళు. అక్క వాళ్ళను కడిగిపారేసేది. రెండో వారంలో ఒకడు మొదలుపెట్టాడు. సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి చేసేవాడు. ఒక్క బూతు మాట లేదు. ఎంతో మర్యాదగా, "ఇవాళ ఆకుపచ్చ వేసుకున్నారు," అని పెట్టేసేవాడు. మర్నాడు, "ఇవాళ పసుపు." ఒక్కరోజు కూడా తప్పు చెప్పలేదు. ఒకరోజు అక్క పనికి వెళ్ళకుండా కిటికీలన్నీ మూసుకుని ఇంట్లో కూర్చుంది. మూడింటికి ఫోన్ మోగింది. "ఇవాళ కిందికి దిగలేదు. ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

ఆ రోజు అక్క గొంతు విని నేను ప్రెస్సు వదిలేసి పరుగెత్తుకెళ్ళాను. తలుపు తట్టి, నేనేనని మూడుసార్లు చెప్పినా తీయలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆవు పేరేమిటో చెప్పమంది. చెప్పాకే గడియ తీసింది. స్టేషన్‌కు వెళ్తే అక్కడ రాసుకునే ఆయన, "బెదిరించలేదు కదమ్మా. బట్టల రంగు చెప్పాడని కేసెలా రాస్తాం?" అన్నాడు. అలా మూడు నెలలు గడిచాయి. వాడెవడో ఈనాటికీ తెలియదు. అక్క సిమ్ కార్డును కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, ఇల్లు మారి మా వీధికి వచ్చేసింది. ఆ తర్వాత బూడిదరంగు తప్ప ఇంకో రంగు ఒంటిమీద వేసుకోలేదు. పక్కింటివాళ్ళ ఫోన్ మోగినా లేచి గడియ చూసుకునేది. కొత్త నంబరు నాకు, మా ఆవిడకు, స్టూడియో యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కిందటేడు స్టూడియో మూతపడింది. పోతూ పోతూ యజమాని తన కెమెరాలలో ఒకటి అక్క చేతిలో పెట్టాడు. ఇక ఆమెకు బతుకుతెరువు అదే. పసిపిల్లల ఫోటోలు తీస్తానంది. "వాళ్ళైతే మనల్ని గుర్తుపెట్టుకోరురా" అంది. కాన్పుల ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మ అక్క తీసిన నాలుగు ఫోటోలు చూసి ముచ్చటపడి, "కార్డులేమైనా ఉంటే తెచ్చివ్వమ్మా, నా బల్ల మీద పెడతాను" అంది. అలా అక్క నా ప్రెస్సుకు వచ్చింది.

వీపు గోడకు ఆనించి, తలుపు కనబడేలా కూర్చుంది. తల్లి అరచేతిలో పసిపాదం ఉన్న ఫోటో ఒకటి తెచ్చింది. "మొహం వద్దు. మొహం వేస్తే ఎవరి బిడ్డో తెలిసిపోతుంది" అంది. సరేనన్నాను, పాదమే బాగుంది కూడా. పైన పాదం, దాని కింద 'పసిపిల్లల ఫోటోలు. మీ దగ్గరకే వచ్చి తీస్తాను' అని. పేరు వద్దంది. అదీ సరేనన్నాను. మెరిసే కాగితం చూపిస్తే తోసేసి గరుకు కాగితం తీసుకుంది.

"దీని మీదైతే పెన్ను పడుతుంది. కింద ఒక గీత పెట్టు, ఖాళీగా" అంది.

"ఖాళీగా ఎందుకు?"

"నంబరుకి. మనిషిని చూసి నేనే రాసిస్తా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అక్కా, తలుపు లేని ఇల్లు కట్టి చుట్టాల్ని రమ్మంటే ఎలా వస్తారు?"

"తలుపుందిరా. గడియ లోపలివైపుంది, అంతే."

"పోనీ నా నంబరు వేస్తా. వచ్చిన ఫోన్లు నేను చూసుకుంటా."

"నువ్వు గొంతు విని పంపిస్తావు. వాడి గొంతు కూడా ఎంత మర్యాదగా ఉండేదో నీకు తెలీదు."

వేరేవాళ్ళైతే నెత్తీ నోరూ కొట్టుకుని అయినా ఒప్పించేవాణ్ణి. అక్క ముందు నా తప్పు నా గొంతుకు అడ్డం పడింది. అయిదువందల కార్డులు వేసిచ్చాను. నా చేత్తో చేసినవాటిలో అంత అందమైన కార్డు ఇంకోటి లేదు, అంత పనికిమాలినదీ లేదు.

అక్క రోజూ పదింటికి వార్డుకు వెళ్ళేది. ఎవరైనా కార్డు పట్టుకుని అడిగితే, ముందు వాళ్ళ కళ్ళు చూసేది, తర్వాత పక్కనున్న మగవాణ్ణి చూసేది, ఆ తర్వాతే పెన్ను తీసేది. కొందరికి, "రేపు మళ్ళీ వస్తాను, అప్పుడు మాట్లాడదాం" అని తప్పించుకునేది. "పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇంతగా చూడరు వదినా" అని మా ఆవిడ ఆటపట్టించేది. నెలకు మూడో నాలుగో పనులు వచ్చేవి. నర్సమ్మ రెండు మూడుసార్లు నంబరు అడిగిందట. "నేను రోజూ వస్తూనే ఉన్నాను కదా సిస్టర్" అని అక్క మాట దాటేసింది.

ఒక గురువారం అక్క వార్డుకు వెళ్ళి పదిన్నరకు ఇంటికి వచ్చేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. పదకొండు కాకుండానే ప్రెస్సులోకి వచ్చి, కటింగ్ మిషన్ పక్కన కాగితాల కట్ట మీద కూలబడింది. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు. వాడు మళ్ళీ మొదలుపెట్టాడేమోనని చేతిలో పని వదిలేశాను.

"ఫోన్ చేశాడా?" అన్నాను.

"ఎవరూ చేయలేదురా. అదే."

అప్పుడు చెప్పింది. ముందురోజు అక్క వెళ్ళిపోయిన అరగంటకు ఒక పాప పుట్టింది. ఊపిరితిత్తులు ఎదగలేదు, సాయంత్రం దాకా ఉంటే గొప్ప అన్నారు డాక్టర్లు. ఆ తల్లి ఏడవలేదట. బతికుండగా ఒక్క మంచి ఫోటో కావాలని అడిగిందట. తండ్రి తన ఫోన్‌తో తీస్తే చేతులు వణికి దుప్పటీ, సగం చెంపా పడ్డాయి. నర్సమ్మ తీస్తే అదీ అంతే. అప్పుడు నర్సమ్మ బల్ల మీద నుంచి మా కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముందు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. వెలుతురులో పట్టుకుని చూశాడు. "నంబరేదమ్మా?" అన్నాడు.

నర్సమ్మ ప్రతి మంచం దగ్గరకూ పరుగెత్తిందట, ఎవరి కార్డు మీదైనా అక్క రాసిన నంబరు ఉందేమోనని. నంబరున్న ఒకే ఒక్కామె బుధవారమే ఇంటికి వెళ్ళిపోయింది. తండ్రి వీధిలోకి పరుగెత్తాడు. దగ్గరలో ఉన్న స్టూడియోకు తాళం వేసి ఉంది. అయిదింటికి పాప పోయింది.

"ఆ టైముకి నేనేం చేస్తున్నానో తెలుసా?" అంది అక్క. "లెన్సు తుడుచుకుంటున్నా. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో కూర్చుని తుడిచిందే తుడుస్తున్నా."

నీ తప్పు కాదు అన్నాను. తప్పెవరిదో నాకు తెలుసు గనుక ఆ మాట అనడం నాకు సులువే. అక్క తలూపింది గానీ వినలేదు.

పాప పోయిన పది రోజులకు అక్క నర్సమ్మను అడిగి వాళ్ళ ఇంటి గుర్తులు తెచ్చింది. "నువ్వూ రా. ఒక్కదాన్నే వెళ్ళలేను" అంది. మూడో అంతస్తు. రెండో అంతస్తు దగ్గర ఆగిపోయి, "తిడితే తిట్టనీ. నువ్వు మధ్యలో మాట్లాడకు" అంది. నా చెయ్యి పట్టుకుంది.

తండ్రి తలుపు తీశాడు. లోపల గోడ పక్కన మంచం మీద పాప తల్లి కూర్చుని ఉంది. ఎదురుగా అలమరలో, గాజు గ్లాసుకు ఆనించి మా కార్డు నిలబెట్టి ఉంది.

"ఆ ఫోటోలు తీసేది నేనేనమ్మా" అంది అక్క. "నంబరు మర్చిపోయి కాదు. నేనే వేయించలేదు. భయపడి."

"దేనికి భయం?" అంది ఆమె.

అక్క చెప్పబోయింది. ఆ గదిలో నిలబడి ఏం చెబుతుంది? వాళ్ళు కూడా గుచ్చి అడగలేదు.

ఆ అమ్మాయి లేచి, కార్డు తీసుకుని అక్క దగ్గరకు వచ్చింది. "పాదం ఇలాగే ఉండేదండి. ఈ వేలు ఇలాగే కాస్త పైకి. నేను బాగా చూశాను" అంది. "మీ దగ్గర ఇంకోటి ఉంటే ఇస్తారా? మా అమ్మ అడుగుతోంది. తనొచ్చేసరికి అంతా అయిపోయింది. తను అసలు చూడనే లేదు."

అక్క సంచీలోంచి కార్డు తీసి రెండు చేతులా ఇచ్చింది. ఆ అమ్మాయి అంచులు పట్టుకుని తీసుకుంది, వేలిముద్ర పడకుండా, తడి ఆరని ఫోటోను పట్టుకున్నట్టు. తండ్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మేము మెట్లు దిగి వచ్చేశాం.

వీధిలోకి వచ్చాక అక్క, "ప్రెస్సు తెరువు" అంది.

ఆదివారమైనా తెరిచాను. పాత డిజైన్ తీసి, గీత చెరిపేసి, ఆ చోట పది అంకెలూ కొట్టాను. ఎంత పెద్దగా ఉంచమంటావని అడిగాను.

"ఏడుస్తున్నవాళ్ళకి కూడా కనబడాలి" అంది.

ఇంకా పెద్దది చేశాను. పేరు కూడా వేయమంది. ప్రూఫ్ తీసి చేతికిస్తే, అంకెలు ఒక్కొక్కటీ పైకి చదువుతోంది, నేను తెర మీద సరిచూస్తున్నాను. ఏడో అంకె దగ్గర ఆగిపోయింది. నాకు తొమ్మిదేళ్ళ కిందటి నా చీటీ, జిగురు డబ్బా గుర్తొచ్చాయి. ఇప్పటికైనా ఆగిపొమ్మని బతిమాలాలనిపించింది. నా పిరికితనానికి అది బాగానే ఉండేది. అక్క ఊపిరి పీల్చుకుని మిగతా మూడూ చదివింది. వెయ్యి కార్డులు వేశాను.

ఇప్పుడవి ఆసుపత్రి బల్లల మీద, మందుల దుకాణంలో, పిల్లల డాక్టరు గుమ్మం దగ్గర, అన్నిచోట్లా ఉన్నాయి. పనులు వస్తున్నాయి. వెధవ ఫోన్లూ వస్తున్నాయి. మొన్నొకడు వాగాడని చెప్పింది. ఆ పూటంతా కిటికీ దగ్గరకు వెళ్ళలేదు. భయం ఎక్కడికీ పోలేదు, దానికి ఇంకో భయం తోడైంది, అంతే. స్నానానికి వెళ్ళినా ఫోన్ గుమ్మం దగ్గర పెట్టి తలుపు ఓరగా వేసుకుంటుందట. కాసేపు మోగకపోతే చెడిపోయిందేమోనని తీసి చూస్తుందట.

అందుకే రోజూ పొద్దున ప్రెస్సు తెరవగానే నన్నొకసారి ఫోన్ చేయమంది, మోగుతోందో లేదో తెలియడానికి. చేస్తాను. అక్క అది నేనా కాదా అని కూడా చూడదు. మొదటి మోతకే ఎత్తేస్తుంది. పరుగెత్తుకొచ్చిన ఆయాసం వినబడుతుంది.

"చెప్పండి," అంటుంది. "ఎక్కడికి రావాలి?"