అందిందన్న మాట

ఈ వానాకాలం మొదట్లో ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద అధికారులు వరద రిహార్సల్ పెట్టారు. పోలీసులు, ఫైర్ వాళ్లు, అంబులెన్సు వాళ్లు, తహసీల్దార్ ఆఫీసు వాళ్లు, అందరి చేతుల్లోనూ వాకీటాకీలు. ఒకరు మాట్లాడితే అన్ని సెట్లలోనూ వినబడుతోంది. కాల్చిన మక్కకంకులు కొనడానికి ఆగిన నేను చూస్తూ నిలబడిపోయాను. పక్కనున్న ఒకాయన, "గిదేం వింత? ఫోన్ల మాట్లాడుకున్నట్టే గద," అన్నాడు. అవునన్నాను. మా అక్క సంగతి చెప్పడం మొదలుపెడితే కంకులు చల్లారిపోతాయి.

మా అక్క పోలీసుశాఖలో వైర్‌లెస్ ఆపరేటర్. స్టేషన్లో ఒక మూల సెట్టు ముందు కూర్చుని వచ్చిన కబురు అందుకోవడం, అందవలసిన చోటికి పంపడం ఆమె పని. ఇంట్లోనూ అదే ధోరణి. బావ ఫోన్లో ఏం చెప్పినా "రిసీవ్డ్" అని పెట్టేసేది. పెళ్లిచూపులనాడు "పిల్లగాడు నచ్చిండా?" అని బాపు అడిగితే కూడా అదే మాట అన్నదని మా ఇంట్లో పరాచికం. నిజమో కాదో నాకూ తెలియదు.

ఒక ఏడు వానలు దంచికొట్టి చెరువు అలుగు పారింది. కందుకూరు దారిలో ఒక గొర్రెల కొట్టం చుట్టూ నీళ్లు చేరి కొందరు చిక్కుకుంటే, వాళ్లకోసం ఫైరింజను బయలుదేరింది. ఇంతలో ఆ దారిలో కల్వర్టు కొట్టుకుపోయిందని గస్తీ కానిస్టేబుల్ సెట్లో చెప్పాడు. అక్క విన్నది. కానీ అప్పట్లో పోలీసుల సెట్టు వేరు, ఫైర్ వాళ్ల సెట్టు వేరు. ఒకరి మాట ఇంకొకరికి వినబడదు. కంట్రోల్ రూముకు చెబితే వాళ్లు ఫోను చేసి ఫైర్ వాళ్లకు చెప్పాలి. అక్క వెంటనే చెప్పింది. "అందింది" అన్నారు. ఈలోగా ఇంకో కబురు వస్తే అక్క ఆ పనిలో పడిపోయింది. కంట్రోల్ రూము నుంచి ఫైర్ వాళ్లకు ఫోన్లు కలవలేదు. ఆ సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు, అక్కా అడగలేదు. కల్వర్టు ఉందనుకుని నీళ్లలోకి దిగిన ఫైరింజను పక్కకు ఒరిగింది. ఊరివాళ్లు తాళ్లేసి అందరినీ లాగారు. కొట్టంలో వాళ్లను చేపలు పట్టేవాళ్లు ఒడ్డుకు చేర్చారు. డ్రైవరు కాలు మాత్రం నలిగిపోయింది; దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు.

విచారణలో అక్క తప్పేమీ లేదని తేల్చారు. అది విన్న రోజు ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "మల్లొకసారి అడిగితే అయిపోవు గద చెల్లె. టైం ఉండె," అంది. అప్పటినుంచి ఇంట్లో ఎవరికి ఏం చెప్పినా వాళ్ల నోట తిరిగి చెప్పించుకునేది. కూరగాయలు తెమ్మంటే బావ గుమ్మంలో నిలబడి వంకాయలు, పచ్చిమిరపకాయలు అంటూ పాఠం అప్పగించాలి. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత నవ్వలేకపోయాం.

చివరికి నన్ను వెంటబెట్టుకుని రావిర్యాలలో ఉన్న ఆ డ్రైవరు ఇంటికి వెళ్లింది. పెద్దాయన మంచం మీద కూర్చుని, మాకు చాయ్ పెట్టమని భార్యను కేకేశాడు. అక్క జరిగిందంతా చెప్పి తలవంచుకుంది. "ఫికర్ చెయ్యకు బేటీ. నువ్వు చెప్పినవ్. నాదాంక రాలే, గంతే," అన్నాడాయన. ఆ మంచితనాన్ని అక్క తట్టుకోలేకపోయింది. చాయ్ తెచ్చిన ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. "మీరంత సర్కారోళ్లే గదమ్మా. ఒకల మాట ఒకలకు ఎందుకు ఇనరాదు?" అని అడిగింది.

కొన్నాళ్లకు అన్ని శాఖల సమావేశం పెట్టి, జరిగింది చెప్పమని అక్కను పిలిచారు. ఆమె చెప్పి, చివర ఆ ఇల్లాలి ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టు వినిపించిందట. ఆ ప్రశ్నతోనే అంతా మారిందనను. ఒకరి మాట ఇంకొకరికి వినబడాలన్న ఆలోచన అప్పటికే ఉంది, ఎవరి ఛానల్ వాళ్లు వదలక నానుతోంది. ఆపదవేళ అందరికీ ఒకే ఛానల్ అని తేలి, సెట్లు చేతికొచ్చేసరికి మళ్లీ వానాకాలం వచ్చింది.

ఆ ఛానల్ మీద మొదటి హెచ్చరిక ఇచ్చింది అక్కే. వాగు పొంగుతోంది, ముందుకు పోవద్దని చెప్పగానే ఫైరింజన్లోంచే జవాబొచ్చింది: "ఆగినం. మర్లి పోతున్నం." ఆ సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"మంచిగనే అయింది గదక్కా, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాను.

"గింతే పనా చెల్లె? ఒక్క మాట! గింత అల్కటి పనికి ఆయన కాలు పాయె."

ఇప్పుడు అక్క కొత్తగా చేరినవాళ్లకు సెట్టు నేర్పుతుంది. రంజాన్ పండుగకు రావిర్యాల పోతుంది. ఆ ఇల్లాలు కసురుకుంటూనే షీర్ ఖుర్మా గిన్నె నిండా పోస్తుందట. కాలం అన్నీ మాన్పుతుందంటారు. అక్కను చూశాక నాకు అట్లా అనిపించదు. కాలం పనిని చక్కబెట్టింది, నిజమే. చక్కబడిన కొద్దీ, అంత చిన్న పనికి పట్టిన ఆలస్యమే ఆమెను ఎక్కువ సలుపుతోంది.