హామిల్టన్‌లో అన్నంత గట్టిగా

న్యూజీలాండ్ పౌరసత్వం తీసుకున్న రోజు మా ఆయన సూటు వేసుకున్నారు. బైబిల్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. జాతీయ గీతంలో మావోరీ భాగం కూడా కాగితం చూడకుండా పాడారు. అక్కడ ఇచ్చిన మొక్కను ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఆక్లండ్ శివారు పాపకూరలో, మా వాకిట్లో ఆ మొక్క ఇప్పుడు నా నడుం ఎత్తు పెరిగింది. మా ఆయన విధేయత మాత్రం ఇండియా జట్టు ఆక్లండ్‌లో విమానం దిగేదాకానే. దిగిన మర్నాడే నీలం జెర్సీ ఒంటిమీదికి ఎక్కుతుంది. సిరీస్ అయ్యేదాకా దాన్ని ఉతకడానికి ఇవ్వరు. ఉతికితే ఓడిపోతారట. ఆదివారం చర్చిలో మూఢనమ్మకాల మీద వాక్యం చెప్పే మనిషి ఈయనే.

మా అమ్మాయికి ఈ గందరగోళం లేదు. ఇక్కడే పుట్టింది, ఇక్కడి జట్టే దాని జట్టు. తండ్రి సోఫాకి ఈ చివర నీలం జెర్సీతో కూర్చుంటే, అది ఆ చివర నల్ల టోపీ పెట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో సరిహద్దులాగా చిప్స్ ప్యాకెట్. నేను రెస్ట్ హోంలో నర్సుని. రోజంతా ముసలివాళ్ళ అలకలు తీర్చి ఇంటికి వస్తే, ఇక్కడ మళ్ళీ రెండు దేశాల తగువు.

ఆ తగువులో నాకు నచ్చని సంగతి ఒకటుంది. మా అమ్మాయి క్లబ్బులో ఆడుతుంది, బౌలింగ్ చేస్తుంది. శనివారం పొద్దున్నే మ్యాచ్‌లు. తీసుకెళ్ళేది నేను, నారింజ ముక్కలు కోసి డబ్బాలో పట్టుకెళ్ళేది నేను. క్రికెట్ కోసం ప్రాణమిచ్చే మా ఆయన ఒక్క శనివారం రాలేదు.

"వారానికి ఒక్కరోజే కదే నిద్ర. ఆడపిల్లల ఆటలో చూడ్డానికి ఏముంది?" అనేవారు దుప్పట్లోంచి.

అది ప్రతి వారం తలుపు దగ్గర నిలబడి, "డాడీ, కమింగ్?" అని అడిగేది. దానికి కావలసింది ఆ ఒక్కటే. తను బంతి వేస్తుంటే వాళ్ళ నాన్న ఒక్కసారి చూడాలి. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడడం మాత్రం మానలేదు.

ఈ ఏడు ఇండియా జట్టు వచ్చింది. సిరీస్ తేలే ఆఖరి మ్యాచ్ హామిల్టన్‌లో పడింది. తెల్లారకముందే లేచి మోటర్‌వే ఎక్కి అంత దూరం డ్రైవ్ చేయడానికి మా ఆయన నిద్రకి ఏ అభ్యంతరమూ రాలేదు. మాతో అంకుల్, ఆంటీ కూడా వచ్చారు. అంకుల్ అంటే మా ప్రార్థన గుంపుకి పెద్ద. మాలో అందరికంటే ముందు ఈ దేశం వచ్చి ఫ్లాట్ బుష్‌లో పెద్ద ఇల్లు కట్టినవారు. ఆయన ప్రార్థన చెయ్యనిదే మాలో ఎవరూ కొత్త కారు తాళం కూడా తిప్పరు. మా ఆయనకి ఆయన మాట వేదవాక్కు.

గడ్డి గట్టు మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. చిల్లీ బిన్ అని ఇక్కడివాళ్ళు పిలిచే ఐసు పెట్టెలో కూల్‌డ్రింకులు, పక్కన గిన్నెలో పులిహోర, కోడి వేపుడు. మ్యాచ్ చివరికొచ్చింది. న్యూజీలాండ్ బ్యాట్స్‌మన్ ఒకడు దంచికొడుతున్నాడు. ఒక బంతికి వాడు బౌలర్ వైపు చివర నిలబడ్డాడు. మన బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు, బంతి వెయ్యకుండా ఆగాడు, పక్కనున్న వికెట్లు పడగొట్టాడు. బంతి చేతిలోంచి వెళ్ళకముందే బ్యాట్స్‌మన్ గీత దాటి పరుగుకి సిద్ధపడ్డాడు కాబట్టి అవుట్. నియమం ప్రకారం అవుటే. కానీ మర్యాద కాదని ఇక్కడివాళ్ళ నమ్మకం. గ్రౌండ్ అంతా ఒక్కసారిగా "బూ" అంది.

మా ఆయన లేచి నిలబడ్డారు. కాలు తగిలి పులిహోర గిన్నె ఒలికిపోయింది.

"రూల్ అంటే రూల్!" అని అరిచారు. పక్కన అంకుల్ పైకండువా తిప్పుతూ, "అట్టా చెప్పు తమ్ముడూ" అన్నారు.

"డాడీ, ఒక్కసారి వార్న్ చెయ్యొచ్చు కదా," అంది మా అమ్మాయి.

"యుద్ధంలో వార్నింగ్ ఇస్తారా ఎవరైనా?"

అది టోపీ తీసుకుని పోయి గట్టు కింద ఒక్కతే కూర్చుంది. మనవాళ్ళు గెలిచారు, సిరీస్ కూడా గెలిచారు. తిరుగు ప్రయాణంలో కారంతా ఉపన్యాసాలే. నేను ఒలికిన పులిహోర తలుచుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు డ్యూటీకి వెళ్తే నేనే ఆ బంతి పట్టుకున్నట్టు చూశారు అందరూ. రోజూ నన్ను చూసి నవ్వే ఒక పెద్దాయన, పూర్వం బడిపంతులు, మాత్రలు ఇస్తే గోడవైపు తిరిగారు. మీవాళ్ళు చేసింది క్రికెట్ కాదు అన్నారు. నేను ఏ వికెట్లూ పడగొట్టలేదు, ముందు ఈ మాత్ర వేసుకోండి అన్నాను. టీ గదిలో ఆట స్ఫూర్తి గురించి ఒకటే చర్చ. ఆ స్ఫూర్తి గురించి అందరికంటే బాధపడిపోయిన ఆవిడే ఫ్రిజ్‌లో నా పెరుగు డబ్బా రోజూ మాయం చేసేది. గురివింద గింజ సామెత తెలుగులోనే ఉందిగానీ, గింజలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

ఇక మావాళ్ళ సంగతి. మాలో కృతజ్ఞత కూడిక అని ఒక ఆచారం ఉంది. ఏదైనా మేలు జరిగితే అందర్నీ ఇంటికి పిలిచి పాటలు పాడి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పి, ప్రార్థన చేసి, బిర్యానీ పెడతాం. వీసా వచ్చినా, రెసిడెన్సీ వచ్చినా, ఆరోసారికి డ్రైవింగ్ టెస్ట్ పాసైనా కూడికే. ఈసారి అంకుల్ ఇండియా సిరీస్ గెలిచినందుకు కూడిక పెట్టారు. నేను నవ్వాను. నవ్వింది నేనొక్కదాన్నే.

అంకుల్ నిలబడి సాక్ష్యం చెప్పారు.

"చుట్టూ వేలమంది గేలి చేస్తన్నా ఆ కుర్రోడు బెదరలేదు. నియమం పట్టుకున్నోణ్ణి దేవుడు సిగ్గుపడనివ్వడు. మన పిల్లలు ఆ ధైర్యం నేర్చుకోవాల."

"ఆమెన్" అన్నారు అందరూ. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. మా పెళ్ళినాడు కూడా తుడుచుకోలేదు. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని అంతా వింది. అది తెలుగు మాట్లాడడం తక్కువేగానీ, అర్థం కాని తెలుగంటూ లేదు.

భోజనాల దగ్గర అంకుల్ ఒక మాటన్నారు. ఆయన మనవరాలు కూడా ఫ్లాట్ బుష్ వైపు క్లబ్బులో ఆడుతుంది, వచ్చే శనివారం వాళ్ళకి మా పాపకూర పిల్లలతోనే మ్యాచ్ అట. "చూద్దాం రా తమ్ముడూ" అన్నారు. "తప్పకుండా అంకుల్" అన్నారు మా ఆయన. ఇన్నాళ్ళ నిద్ర ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి.

ఆ శనివారం మా అమ్మాయి నేను లేపకుండానే లేచింది. బూట్లు తుడుచుకుంది. తండ్రి కారెక్కాడా లేదా అని రెండుసార్లు వచ్చి చూసుకుంది. ఎందుకు వస్తున్నాడో దానికి తెలుసు, అయినా వస్తున్నాడు కదా. దాని ముఖం చూసి నాకు సంతోషమూ వేసింది, మా ఆయన మీద ఒళ్ళూ మండింది.

గ్రౌండ్ దగ్గర అంకుల్, మా ఆయన మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అంకుల్ మనవరాలు బాగా ఆడుతోంది. మా అమ్మాయి బౌలింగ్‌కి వచ్చింది. ఒకసారి మా వైపు చూసింది. మా ఆయన టీ పోసుకుంటున్నారు.

మనవరాలు ఇప్పుడు బౌలర్ వైపు ఉంది. బంతి పడకముందే గీత దాటి వెళ్ళిపోతోంది. మా అమ్మాయి పరుగెత్తి వచ్చి ఆగింది. వికెట్లు ముట్టుకోలేదు. "ప్లీజ్ స్టే ఇన్" అంది. అంపైరుగా నిలబడ్డ కోచ్ విన్నాడు, తల ఊపాడు. ఆ పిల్ల నవ్వి వెనక్కి వచ్చింది. మరి కొన్ని బంతులకి మళ్ళీ అదే పని. ఈసారి మా అమ్మాయి ఆగి వికెట్లు పడగొట్టింది. కోచ్ వేలు ఎత్తాడు.

నేను చప్పట్లు కొట్టాను. నావి తప్ప ఇంకో చప్పుడు లేదు.

అంకుల్ టీ కప్పు కింద పెట్టారు. "ఇదేం పెంపకం తమ్ముడూ? తోటి పిల్ల అని కూడా లేకుండా?" అన్నారు.

మా ఆయన వైపు చూశాను. 'రూల్ అంటే రూల్' అన్న ఆ మూడు మాటలు నోట్లో ఉన్నాయని నాకు తెలుసు. వాటితోనే కదా పాపకూరలో, డైరీ అని ఇక్కడ పిలిచే చిల్లర కొట్టువాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందర్నీ విసిగించారు. ఆయన లేచి, గీత దాటి, నేరుగా గ్రౌండ్ లోపలికి నడిచారు. పిల్లలందరి ముందు నిలబడి, "అక్కకి సారీ చెప్పు" అన్నారు.

"ఐ వార్న్‌డ్ హర్, డాడీ."

"పెద్దాయన ముందు నా పరువు తియ్యొద్దు. చెప్పు."

అది సారీ చెప్పింది. అంకుల్ మనవరాలు హెల్మెట్ తీసి, "ఇట్స్ ఓకే, ఐ వాజ్ అవుట్" అంది. ఆడే పిల్లలిద్దరికీ ఏ గొడవా లేదు. మా అమ్మాయి మిగిలిన బంతులన్నీ అడ్డదిడ్డంగా వేసింది. ఇంటికి వచ్చాక కిట్ బ్యాగ్ గరాజ్‌లో పడేసి, ఇంక ఆడను అంది. కోచ్‌కి మెసేజ్ కూడా పెట్టేసింది.

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. అది ఏడిస్తే ఓదార్చేదాన్ని. ఏడవలేదు. ఆ రోజు నుంచి టీవీలో మ్యాచ్ వస్తుంటే లేచి వెళ్ళిపోయేది. సోఫాకి ఆ చివర ఖాళీగా ఉండేది.

బుధవారం కూర తాలింపు వేస్తూ చెప్పాను. "ఏమండీ, మనింట్లో కృతజ్ఞత కూడిక పెడుతున్నాం. శుక్రవారం. అందరికీ ఫోన్ చెయ్యండి."

"ఎందుకు? ఏం మేలు జరిగింది?"

"అమ్మాయికి వికెట్ పడింది. నియమం ప్రకారం."

"నీకేమన్నా పిచ్చా? నవ్వుతారే."

"హామిల్టన్ వికెట్‌కి ఎవరూ నవ్వలేదుగా. అందరూ ఆమెన్ అన్నారు. మీరు చెయ్యకపోతే నేను చేస్తాను. అంకుల్‌కే మొదట చేస్తాను."

నేను చేస్తే ఏం మాట్లాడతానో ఆయనకి తెలుసు. అందుకని ఆయనే చేశారు. ప్రతి ఫోన్‌లోనూ కారణం దగ్గరికి వచ్చేసరికి దగ్గు వచ్చేది.

శుక్రవారం అందరూ వచ్చారు. బిర్యానీ ఉన్న ప్రార్థనకి మావాళ్ళు రాకపోవడం అంటూ ఉండదు. అంకుల్ కూడా వచ్చారు, పెద్దరికం ఉన్నవారు మానలేరు కదా. మనవరాలిని వెంటబెట్టుకొచ్చారు. ఆ పిల్ల వచ్చీ రాగానే మెట్ల మీద మా అమ్మాయి పక్కన కూర్చుని దాని ఫోన్‌లోకి తొంగిచూడడం మొదలుపెట్టింది.

పాటలయ్యాయి. సాక్ష్యానికి అంకుల్ లేవబోయారు.

"ఇంటివాళ్ళు చెప్పాలి కదండీ" అన్నాను.

మా ఆయన లేచారు. ప్రయాణాల్లో కాపాడినందుకు స్తోత్రం అన్నారు. ఆరోగ్యానికి, ఉద్యోగానికి, ఇంటి లోనుకి స్తోత్రం అన్నారు. ఇండియాలో ఉన్న అత్తగారి మోకాలికి కూడా స్తోత్రం అన్నారు. నేను వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూసి, కార్పెట్ వైపు చూసి, "మా అమ్మాయి తీసిన ఆ వికెట్... అది రూల్ ప్రకారమే..." అన్నారు. ముందు వరసకి కూడా వినబడి ఉండదు.

"డాడీ."

మా అమ్మాయి మెట్ల మీద లేచి నిలబడింది. నలుగురిలో అది తెలుగులో నోరు తెరవడం నేనెప్పుడూ చూడలేదు.

"హామిల్టన్‌లో చెప్పావు కదా. అంత గట్టిగా చెప్పు."

అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"రూల్ అంటే రూల్," అన్నారు. ఈసారి వీధిలోకి వినబడింది. "మా అమ్మాయి ముందే ఒకసారి చెప్పింది కూడా. అది అవుటే."

ఆమెన్ రావలసిన చోట అందరూ అంకుల్ వైపు చూస్తున్నారు. అప్పుడు మెట్ల మీంచి అంకుల్ మనవరాలు "ఆమెన్" అంది. అవుటైన పిల్లే అన్నాక ఇంకెవరికి అభ్యంతరం? ఒక్కొక్కరే అన్నారు. అంకుల్ అందరికంటే చివర అన్నారు.

మా అమ్మాయి ఇంకా కూర్చోలేదు.

"సాటర్డే వస్తావా?" అంది. "అంకుల్ రాకపోయినా?"

మా ఆయన అలవాటుగా అంకుల్ వైపు తిరగబోయారు. సగంలో ఆగి, దాని వైపు చూసి, "వస్తాను" అన్నారు.