హుస్సేన్ బీ తొక్కని నడుము

హుస్సేన్ బీ తల్లి కడుపులోంచి కాళ్లు ముందుగా బయటికి వచ్చింది. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుంపట్టు వదులుతుందని దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో నమ్ముతారు. ఏడేళ్ల వయసులో ఆమెను మొదటిసారి ఎవరో ఎత్తి తమ నడుం మీద నిలబెట్టుకున్నారు. ఇప్పుడు ఆమెకు అరవై దగ్గర పడింది. వారమంతా జాకెట్లు కుడుతుంది. ఆదివారం పొద్దున పరగడుపున ఆమె వాకిట్లోకి పదిహేను, ఇరవై మంది వస్తారు.

2016 దాకా ఆమె నొప్పి గురించి ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఆ ఏడు పెద్దులు అనే మేకల కాపరి వచ్చాడు. రెండు నెలలుగా నొప్పి. పడుకున్నా తగ్గదు. సాయంత్రమైతే జ్వరం, మనిషి సగమయ్యాడు. ఊరివాళ్లు ఫ్లోరైడు నీళ్ల వల్లే అన్నారు. ఆ ప్రాంతంలో నలభై దాటినవాడి నడుము నొస్తే అందరి నోటా వచ్చే మాట అదే. ఆమె తొక్కింది. వారం తిరక్కుండా అతని కాళ్లు చచ్చుబడ్డాయి. నల్గొండ పెద్ద దవాఖానలో అది వెన్నెముకకు పట్టిన టీబీ అని తేలింది.

ఆమె వెళ్లి డాక్టరు ముందు నిలబడింది. తొక్కడం వల్లే ఇలా అయిందని చెప్పలేనన్నాడాయన. చెదలు తిన్న వాసం మీద నిలబడ్డ మాట మాత్రం నిజమే అన్నాడు.

"తిట్టింది చాలు సారూ. గుర్తుపట్టే తీరు చెప్పు," అంది హుస్సేన్ బీ.

ఆయన చెప్పాడు. పెద్దులు ఏడాదికి పైగా మాత్రలు మింగి కర్రపట్టుకుని లేచాడు. ఆ ఏడాదంతా ఆమె ఎవరి మీదా కాలు పెట్టలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది గానీ, ముందు ప్రశ్నలు అడగడం నేర్చుకుంది. వంగినప్పుడు పట్టేసి, నడుం దాటి పోని నొప్పికి మెల్లగా కాలు ఆనిస్తుంది. అది తను తొక్కకపోయినా నాలుగు వారాల్లో పోయేదేనని కూడా చెబుతుంది. మెడ తిరగక, నడుమంతా ఒకే పలకలా బిగిసినవాళ్లు ఫ్లోరైడు బాధితులు. వాళ్లను ముట్టదు. పొద్దున లేవలేక, తిరిగేకొద్దీ సులువయ్యే కుర్రవాళ్లను, దగ్గితే కాలి వేళ్ల దాకా గుంజేవాళ్లను డాక్టరు దగ్గరికి పొమ్మంటుంది. కొందరు పోతారు. కొందరు మల్లప్ప దగ్గరికి పోతారు. డిండి తోవలో ఉండే మల్లప్ప కూడా ఎదురుకాళ్లవాడే. ఏమీ అడగడు, రెండు కాళ్లతో ఎక్కుతాడు.

2023 సెప్టెంబరులో ఒక ఆదివారం ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. బత్తాయి మార్కెట్లో లోడింగ్ పని చేసే ఇస్రాయేలును అతని జతగాడు విజేందర్, భార్య మమత చెరో రెక్క పట్టుకుని దించారు. గురువారం బత్తాయి డబ్బాలు ఎత్తుతుంటే నడుం పట్టేసింది. సూది వేయించుకున్నాడు.

"మూడేండ్ల కింద నువ్వు తొక్కితె రెండో దినమే లారీ ఎక్కిండు చిన్నమ్మా. జర కాలు పెట్టు," అన్నాడు విజేందర్.

"నొప్పి ఎక్కడిదాక పోతాంది?"

"మొన్న పిక్కల దాక గుంజింది. ఇయ్యాల నొప్పి తక్కువనే ఉన్నది. కాళ్లే బరువైనయి, రెండు," అన్నాడు ఇస్రాయేలు.

"తగ్గింది గద. ఒక్కసారి తొక్కితె అదీ పోతది," అన్నాడు విజేందర్.

హుస్సేన్ బీ అతని మాట వినలేదు, మూత్రం సంగతి అడిగింది. "ఒంటికి ఎప్పుడు పోయినవ్ కొడుకా?"

ఇస్రాయేలు భార్య వైపు చూశాడు. "నిన్న పొద్దుమూకినప్పటి సంది పోలే," అంది మమత. "నీళ్లు తాగలే, అందుకే కావొచ్చు."

వరుసలో కూర్చున్న జంగమ్మకు ఓపిక అయిపోయింది. "ఏందే హుస్సేన్ బీ, తొక్కుతవా, పోలీసోల్ల లెక్క వాంగ్మూలం రాస్తవా? నేను కలుపుకు పోవాలె." నలుగురూ నవ్వారు.

"ఇది తొక్కే నడుము గాదు. నల్గొండకు తీస్కపోండ్రి."

విజేందర్ ముఖం మాడింది. "దవాఖాన సూది అయింది, తగ్గలే. నీకు చాతగాకపోతె మల్లప్ప ఉన్నడు. గిన్ని సవాళ్లు అడగడు." ఇస్రాయేలు చంకలో చేయి వేసి లేపబోయాడు.

ఆటో డిండి వైపు తిరిగితే అరగంటలో మల్లప్ప ఎనభై కిలోల ఒళ్లు ఈ నడుం మీద ఉంటుంది. మాటలతో ఆపలేనని ఆమెకు అర్థమైంది.

"ఆగు. బోర్ల పండబెట్టు," అంది.

చాప పరిచారు. ఆమె గుంజ పట్టుకుని కుడికాలు ఎత్తింది. నడుం మీద పెట్టలేదు. ఇంకా కిందికి, కూర్చుంటే నేలకు ఆనే చోట, లుంగీ మీదుగా వేళ్లు ఆనించింది. బరువు మోపలేదు. వేళ్లతో మాత్రం గట్టిగా అదిమింది. గుడ్డ కుంగడం అందరికీ కనిపించింది.

ఇస్రాయేలు చాపలో ముఖం పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఇంక పెట్టవేంది చిన్నమ్మా?"

"పెట్టిన కొడుకా."

"ఏడ?"

వాకిట్లో ఎవరూ నవ్వలేదు. మమత మోకాళ్ల మీద కూలబడి భర్తను అదే చోట గిల్లింది. అతను కదల్లేదు. ఆమె విజేందర్ వైపు తలెత్తింది. అతను అప్పటికే ఫోన్ తీసి నూటెనిమిదికి కొడుతున్నాడు.

అంబులెన్సు వచ్చేలోగా హుస్సేన్ బీ మమతకు మూడు ముక్కలు నేర్పింది. "నడుంనొప్పి అని మొదలువెట్టకు. అందరికీ ఉండేదే అనుకుంటరు. ఒంటికి బందైంది, కూసునే జాగ తెలుస్తలేదు, కాళ్లు బలం తప్పుతున్నయి. ఇవి ముందు చెప్పు." మమత రెండుసార్లు అప్పజెప్పింది. రెండోసారి కూసునే జాగ అనే చోట గొంతు తగ్గించింది. "గట్టిగ అను," అంది హుస్సేన్ బీ.

నల్గొండలో గొట్టం వేసి మూత్రం తీశారు. స్కానింగులో ఎముకల మధ్య ఉండే డిస్కు పగిలి, కాళ్లకూ మూత్రానికీ పోయే నరాల కట్టను నొక్కేసినట్టు కనిపించింది. అదే రోజు హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. నరాలు తేరుకుంటాయో లేదో చెప్పలేమన్నారు. నెల రోజులు గొట్టం తీయలేదు. ఆ నెలలో హుస్సేన్ బీ వాకిట్లోకి ఆదివారం నలుగురైదుగురు మించి రాలేదు. ఆమె కాలు పెట్టగానే మనిషికి నడుం కింద చచ్చుబడిందని డిండి తోవలో ఎవరో పుట్టించారు. ఆమె ఖండించలేదు. విజేందర్ నుంచి కబురు కోసం మాత్రం చూసింది.

జనవరిలో ఇస్రాయేలు కర్రపట్టుకుని వచ్చాడు. ఎడమ పాదం కొంచెం ఈడుస్తున్నాడు. బరువులు ఎత్తొద్దన్నారు. మార్కెట్లో కాంటా దగ్గర పని చూసుకుంటున్నాడు. గొట్టం తీసేశారు.

"మంచిగ వస్తాందా?"

"వస్తాంది. జర ఆగుకుంట వస్తాంది."

వాకిట్లో షాబాదు బండ మీద అతను మెల్లగా కూర్చున్నాడు. మంచు ఇంకా విడలేదు. వెంటనే కొంచెం పైకి లేచాడు.

"బండ సల్లగున్నది చిన్నమ్మా."

"లేవకు," అంది హుస్సేన్ బీ. "కూసో జరసేపు."