బావ మార్చిన రెండు సీసాలు

మా బావని వీధంతా దోమ అంటుంది. ల్యాబులో రక్తం తీసేటప్పుడు ఎంత పెద్దమనిషికైనా "ఏం లేదండీ, దోమ కుట్టినంతే" అంటాడు. ఇరవై రెండేళ్ళుగా అదే మాట. ఏడ్చే పిల్లలు కూడా ఆయనకైతే చెయ్యి చాపుతారు. అంత మంచి చెయ్యి. ఆ చేత్తోనే ఇంత పని చేశాడంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. ల్యాబుకి రెండు షాపుల అవతల నాది జిరాక్సు కొట్టు.

బావకి షుగరు. వాళ్ళ నాన్నకీ అన్నకీ కూడా ఉండేది. ఇద్దరూ కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ మంచమెక్కి, చివరికి పోయారు. అన్నని ఆస్పత్రికి చేతులమీద మోసుకెళ్ళింది బావే. ఆ తర్వాత మా మేనకోడలికి ఇరవయ్యో ఏటే షుగరొచ్చింది. డాక్టరమ్మ తండ్రీకూతుళ్ళని ఎదురుగా కూర్చోబెట్టింది.

"షుగరున్న అందరికీ కిడ్నీలు పాడవ్వవు. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఎక్కువ. ఫలానా జన్యువు ఒక్కటే కారణమని చెప్పలేం, చిన్నచిన్నవి చాలా కలిసి పిల్లలకి దిగుతాయి. మీది అలాంటి ఇల్లు. ఏటా ఇద్దరూ మూత్రం టెస్టు చేయించుకోండి. మొదట్లోనే దొరికితే మందులతో చాలాకాలం అదుపులో పెట్టొచ్చు."

పిల్ల మొండిఘటం. "ముందు నాన్న చేయించుకోవాలి. నాన్నకి లేకపోతే నాకెక్కణ్ణుంచి వస్తుంది?" అని భీష్మించుకు కూర్చుంది. బావేమో రేపూ మాపూ అంటూ నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు.

పోయినేడాది ల్యాబువాళ్ళు తమ దగ్గర పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో అందరికీ ఉచితంగా టెస్టులు చేశారు. బావకి అప్పటికే నెలరోజులుగా మూత్రంలో నురగ కనిపిస్తోంది. అది కిడ్నీ దెబ్బతింటున్న గుర్తని ఆయనకి ఒకరు చెప్పాలా? తన మూత్రం సీసా మీద అక్క పేరు రాశాడు, అక్క సీసా మీద తన పేరు రాశాడు. తన పేరున్న ఆ కాగితాన్ని చూసే గుండె లేకపోయిందట. రెండు రిపోర్టులూ తనే తీసుకుని, అక్క పేరున్నది చింపేద్దామనుకున్నాడు. ఖర్మ కాకపోతే, సరిగ్గా ఆ వారమే రిపోర్టులు నేరుగా ఎవరిది వాళ్ళ ఫోనుకే పంపడం మొదలెట్టారు. బావ ఇళ్ళ చుట్టూ తిరిగి శాంపిళ్ళు తీసుకుంటుండగా ఇంట్లో అక్క ఫోను మోగింది.

అక్కకి మూత్రంలో ప్రొటీన్ పోతోందట. బావకి ఏమీ లేదట.

అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. షుగరు లేని మనిషికి ఇదేమిటని డాక్టరమ్మ అనుమానపడి అక్కకి మళ్ళీ టెస్టు రాసింది. సీసా ల్యాబుకి పట్టుకెళ్ళేదెవరు? బావే. ఈసారి మార్చకపోతే మొదటి బండారం బయటపడుతుంది, కాబట్టి మళ్ళీ మార్చాడు. మూడు నెలలకోసారి అదే తంతు. అక్కకి మాత్రలు మొదలుపెట్టారు. నిక్షేపంలాంటి మనిషికి ఆ మాత్రలతో బీపీ పడిపోయి, లేచి నిలబడితే చాలు కళ్ళు తిరిగేవి. ఉప్పు మానేసింది. బావ కూడా పక్కనే కూర్చుని ఆ చప్పిడి కూరే తినేవాడు.

"నీకేం ఖర్మ బావా?" అన్నాను.

"మీ అక్కకి తోడుగా" అన్నాడు. నేనొక వెర్రివెధవని, పొంగిపోయాను.

ఇంటికొస్తే అక్క మొహం, పనికెళ్తే ఆ సీసాలు. ఎటూ పోయే దారిలేక మనిషి సగమయ్యాడు. భార్య మీద దిగులనుకుని మేమే ఆయన్ని ఓదార్చాం!

ఇలా పదకొండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చోబోతుంటే అక్క తూలి పడబోయింది. పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాం. మేనకోడలు తల్లి చేతులు పట్టుకుంది.

"నువ్వేం బెంగపెట్టుకోకమ్మా. రేపు అవసరమైతే నా కిడ్నీ ఒకటి ఇచ్చేస్తాను. నాన్నకే రాలేదు, నాకేం వస్తుంది? నావి ఉక్కులా ఉంటాయి."

బావ లేచి నిలబడ్డాడు. "అది అమ్మది కాదు తల్లీ. నాది."

"ఏది నాన్నా?"

"ఆ రిపోర్టు. సీసాలు మార్చాను. అన్నిసార్లూ."

"నువ్వసలు మనిషివేనా బావా!" అని నేను మీదికెళ్ళాను. అక్క అడ్డం రాలేదు. పిల్ల అరవలేదు. "నీకు లేదన్నారనే కదా నాన్నా నేను చేయించుకోలేదు" అంది, అంతే. బావ గోడకానుకుని కూలబడి, కండువాలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు పిల్ల వేరే ల్యాబుకి వెళ్ళి తనే సీసా ఇచ్చొచ్చింది. సాయంత్రానికి తెలిసింది. తనకీ ప్రొటీన్ పోతోంది, అదీ తండ్రికి కనిపించినదానికన్నా ఎక్కువే. ఇంకా చెయ్యి దాటలేదనీ, ఏడాది ముందు వచ్చుంటే మరింత బాగుండేదనీ డాక్టరమ్మ అంది. తండ్రికీ కూతురికీ ఒకే మాత్ర రాసింది. అక్కకి మాత్రలన్నీ ఆపేసింది.

ఆ వారం అక్కని చూడ్డానికెళ్ళాను. "పోనీలే అక్కా, నీకేం లేదు, అదొక్కటైనా నయం" అన్నాను.

"నాకుందని తెలిసినరోజు ఏడ్చాననుకున్నావురా?" అంది. "ఏడవలేదు. తండ్రినీ పిల్లనీ వదిలేసి నాకొచ్చింది కదా అని సంతోషపడ్డాను. ఈ పదకొండు నెలలూ ఆ సంతోషంతోనే బతికాన్రా తమ్ముడూ."