రెండు వారాల్లో బాంబు

ఆ రోజుల్లో బస్తరు ఇనుపగనుల ఊరు కిరందుల్‌లో ఏ తలుపు తట్టినా ఒక అణుశాస్త్రజ్ఞుడు బయటికొచ్చేవాడు. ఎక్కడో ఒక దేశం యురేనియం శుద్ధి చేస్తోందనీ, బాంబుకి రెండు వారాల దూరంలోనే ఉందనీ టీవీలో ఒకటే హోరు. నేను గని ల్యాబులో ఇనుపరాయి పరీక్షించే కాంట్రాక్టు కుర్రాణ్ణి కాబట్టి (రాయి శుద్ధి తెలిసినవాడికి ఏ శుద్ధయినా తెలుస్తుందని మావాళ్ల నమ్మకం) క్లబ్బులో నాకు ముందు వరసలో కుర్చీ వేసేవారు. నేనూ కాదనలేదు. కుర్చీ బాగుండేది.

నా బాధ వేరు. రైల్వే క్వార్టర్సులో ఉండే రైలు డ్రైవరు గారి అమ్మాయంటే నాకు ప్రాణం. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆయన "పర్మనెంటయ్యేక పిల్లనిస్తాను బాబూ" అన్నారు. ల్యాబులో మా పెద్దసారు "బస్, దో హఫ్తే" అనేవారు. ఆ రెండు వారాలు అప్పటికి రెండేళ్లుగా నడుస్తున్నాయి.

ఒక సాయంత్రం డ్రైవరు గారు క్లబ్బులో నా పక్కనే కూర్చున్నారు. "ఏటి బాబూ, ఆ బాంబెప్పటికవుద్ది?"

గొంతు సవరించుకున్నాను. "కష్టమంతా మొదట్లోనే అండీ. సగం దూరం వచ్చారంటే మిగతాది ఇట్టే అయిపోతుంది. తలుచుకుంటే రెండు వారాలు."

"మరిన్నేళ్లయినా అవ్వలేదేటి?"

"సామర్థ్యం వేరు, ఉద్దేశం వేరండీ. చేయగలరు. చేయాలో వద్దో తేల్చుకోలేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నీ పర్మనెంటు సంగతిలో మీ పెద్దసారూ అంతేనేటి?"

క్లబ్బంతా గొల్లుమంది. సంబంధం అక్కడితో తెగిపోయిందనుకుని ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు సంతలో ఆ అమ్మాయి చింతపండు బేరమాడుతూ కనిపించింది (బేరం అక్కడి హల్బీ భాషలో, నాతో తగువు తెలుగులో).

"నిన్న పేద్ద లెక్చరిచ్చేవట? సామర్థ్యం సంగతి నాన్న చూసుకుంటాడు. నీ ఉద్దేశమేటి? మా నాన్ననడిగేవు, మీ పెద్దసారునడిగేవు. నన్నెప్పుడైనా అడిగేవేటి?"

నిజమే, అడగలేదు. సంతంతా వింటుండగా తడబడుతూ అడిగేశాను.

"రెండు వారాల్లో చెప్తాను" అంది చింతపండు సంచీలో వేసుకుంటూ. నాకు పెద్దసారు చెప్పే రెండు వారాలు గుర్తొచ్చాయి. కానీ ఆ సాయంత్రమే డ్రైవరు గారు ఇంటికి పిలిపించి, "పర్మనెంటు మాట తరవాత చూద్దాంలే" అన్నారు, నా మొహం కాదు, కూతురి మొహం చూస్తూ.

నిన్న టీవీలో ఆ దేశం మళ్లీ రెండు వారాల దూరంలో ఉంది. నా పర్మనెంటు ఆర్డరూ అంతే దూరంలో ఉంది. "ఏటి, ఇంకా అక్కడేనా?" అని మా ఆవిడ నవ్వుతూ టీవీ కట్టేసింది. దేశదేశాల ఉద్దేశాలు అలవోకగా విప్పి చెప్పి, తన ఉద్దేశం చెప్పడానికి చెమటలు కక్కిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, నాకూ నవ్వొచ్చింది.