పంతొమ్మిది తీగలకు ఒక పెట్టె

వీధంతా ఆమెను పిన్ని అనే పిలిచేది. అసలు అలా పిలవాల్సింది అక్క కూతురు ఒక్కతే. ఆ పిల్ల చిన్నప్పుడు కొట్టు ముందు నిలబడి "పిన్నీ!" అని అరిచిన అరుపులకు ఆ పేరు అందరి నోటా స్థిరపడిపోయింది. కొట్టంటే బస్టాండు పక్క మేడమెట్ల కింద మూల. అందులో ఒక కుట్టుమిషను, మేకులకు వేలాడే జిప్పులు, ఊడిన చక్రాలు, తెగిన పిడులు. ముప్ఫై ఏళ్లుగా సూట్‌కేసులు బాగుచేయడమే ఆమె పని. ఎవరో చేసినవాటికి అతుకులు వేయడమే తప్ప, మొదటినుంచీ తన చేత్తో ఒక పెట్టె చేసిన పాపాన పోలేదు.

ఒక సోమవారం పొద్దున్నే బావగారు దుప్పటిలో చుట్టిన దేన్నో చంటిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. వెనక అక్క కూతురు. ఆయన బడిలో వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి. రెండేళ్లుగా రేకుల షెడ్డులో తలుపేసుకుని ఏం చేస్తున్నాడో కూతురికి తప్ప ఎవరికీ, అక్కకి కూడా చూపించలేదు.

దుప్పటి విప్పాడు. పాత తలుపు చెక్కలతో చేసిన వాయిద్యం. పంతొమ్మిది తీగలు. ఒక పక్క పొట్ట ఉబ్బి, రెండో పక్క నడుము నొక్కుకుపోయి, మెడ కాస్త ఎడమకు వాలి ఉంది.

"ఇదేంటి బావా, అలిగి అటు తిరిగినట్టుంది?"

"చెక్క ఎటు లాగితే అటు పోయాను మరదలా. నా మాట ఎక్కడ వింది? అచ్చం మీ అక్కే."

అక్క కూతురు నవ్వలేదు. "పిన్నీ, శనివారం పట్నంలో పెద్ద హాల్లో దీన్ని వాయించమని నన్ను పిలిచారు. శుక్రవారం బస్సెక్కాలి, పది గంటల ప్రయాణం. దుకాణాలన్నీ తిరిగాం. ఏ పెట్టెలోనూ పట్టట్లేదు."

పిన్ని ఒక తీగ మీటింది. మేకులకున్న జిప్పులు సన్నగా గలగలమన్నాయి. ఆమె ఒళ్లు జలదరించింది.

"చేస్తాను," అనేసింది.

వార్తాపత్రికలు పరిచి, వాయిద్యాన్ని పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. జానెడు జానెడుకీ లోతు కొలిచి రాసుకుంది. పలచటి చెక్క పట్టీలను వేడినీళ్లలో నానబెట్టి, నీళ్ల డ్రమ్ము చుట్టూ వంచి తాడుతో బిగించింది. మొదటిది ఫట్టుమని విరిగింది. రెండోది వంగింది! బ్యాగు జిప్పు పోయిందని వచ్చిన కండక్టరు ఆ తాడు కొస పట్టుకుని డ్యూటీ సంగతే మరిచిపోయాడు. తక్కిన వాళ్లందరికీ ఒకటే మాట: "శుక్రవారం తర్వాత రండి." బుధవారం పిన్ని అన్నం తినడం కూడా మరిచిపోయింది. గుర్తుచేస్తే, "తిన్నాను కదా?" అని ఎదురడిగింది.

గురువారం మధ్యాహ్నానికి లోపల స్పాంజి, దాని మీద ఆకుపచ్చ ముఖమల్ గుడ్డ, బయట మందపాటి క్యాన్వాసు అయిపోయాయి. ఇక పరీక్ష. బావగారు పనికిరాని చెక్కతో అదే ఆకారం కోసి, నాలుగు చోట్ల గుంతలు తొలిచి, ఒక్కోదాంట్లో ఒక పచ్చి కోడిగుడ్డు పెట్టి, పైన గుడ్డ అతికించాడు. దాన్ని పెట్టెలో పెట్టి, మేడమెట్ల పైకి మోసుకెళ్లారు. వీధి జనం కింద మూగారు.

"తొయ్యి పిన్నీ!"

బావగారు కళ్లు మూసుకున్నాడు. పెట్టె దబదబా పద్దెనిమిది మెట్లూ దొర్లింది. మూత తీసి చూస్తే మూడు గుడ్లు నిక్షేపంగా ఉన్నాయి. మెడ దగ్గరది మాత్రం పచ్చసొనై కారుతోంది. అక్క కూతురు ముఖం పాలిపోయింది.

పిన్ని చప్పట్లు కొట్టింది. "దొరికింది! ఇప్పుడు పగిలింది కాబట్టి బతికిపోయాం!"

వేళ్లతో తడిమి చూసింది. మెడ వాలు దగ్గర కిందంతా బోలు, వేలెడు సందు. నెలవంకలా ఒక చిన్న దిండు కుట్టి అక్కడ అమర్చింది. మళ్లీ నాలుగు గుడ్లు, మళ్లీ పద్దెనిమిది మెట్లు. ఈసారి నాలుగూ చెక్కుచెదరలేదు. వీధి ఈలలతో దద్దరిల్లింది. అప్పుడు అసలు వాయిద్యాన్ని పడుకోబెట్టి మూత వేస్తే, లోపలి గాలి హుష్‌మని నిట్టూర్చి బయటికొచ్చింది. బావగారు మరదలి భుజం తట్టాడు.

శనివారం సాయంత్రం ఫోను మోగింది.

"పిన్నీ! దారిలో కుక్క అడ్డమొస్తే డ్రైవరు సడన్ బ్రేకు కొట్టాడు. రెండు ట్రంకు పెట్టెలు ఎగిరి మన పెట్టె మీద పడ్డాయి!"

"అయ్యో! చెప్పవే, ఏమైంది?"

"మూల సొట్టపోయింది. లోపల పంతొమ్మిది తీగలకి ఒక్కటీ శ్రుతి తప్పలేదు! వాయించాను పిన్నీ, జనం లేచి నిలబడ్డారు! ఇక్కడి వాయిద్యగాళ్లు ఆ పెట్టె ఎవరు చేశారని నన్ను పీక్కు తింటున్నారు. నీ నంబరిచ్చేశా!"

పిన్ని చెప్పులు వేసుకోకుండానే అక్క ఇంటికి పరుగెత్తింది. దారిలో కనబడినవాళ్లందరికీ ముందు సొట్ట సంగతే చెప్పింది.

ఆ ఏడాది ఆమె పదకొండు పెట్టెలు చేసింది. వాటిలో ఒకటి మనిషికన్నా పొడుగైన ఊదుడు వాయిద్యానికి. అది కొట్టులో పట్టక, సగం వీధిలోకి చాపి చేసింది. దారిన పోయేవాళ్లు దాన్ని దాటుకుంటూ, తలా ఒక సలహా పడేసి పోయారు.